డంప్ స్టేషన్ లైన్లో గొడవ, తప్పు ముందున్నాయనదా మాదా?

ప్రశ్న: నమస్తే అండీ. మేము డాలస్‌లో ఉంటాం. ఇండియా నుంచి మా అత్తయ్య మామయ్య వచ్చారని జులైలో సాల్ట్ లేక్ సిటీ దాకా ఫ్లైట్‌లో వెళ్ళి అక్కడ లోపలే పడకలు, వంటిల్లు, టాయిలెట్ ఉండే బండి, ఆర్వీ ఒకటి రెంట్‌కి తీసుకుని ఆరుగురం యెల్లోస్టోన్ చూసొచ్చాం. ట్రిప్ అంతా చాలా బాగుంది, ఆఖరి రోజు తప్ప. ఆదివారం పదిన్నరకి బండి మురుగు ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్‌కి వెళ్తే మా ముందు ఎనిమిది బళ్ళు. సరిగ్గా మా ముందున్నాయన డంపింగ్ అయిపోయాక కూడా కదలకుండా బండి కడుక్కున్నాడు, మంచినీళ్ళు నింపుకున్నాడు, అరగంట పైనే అయ్యింది. మా వారు హారన్ కొట్టారు, ఆయన దిగొచ్చి నానా మాటలన్నాడు. మా టర్న్ వచ్చాక మాకేమో ఎలా చెయ్యాలో తెలీదు, అక్కడే యూట్యూబ్ పెడితే సిగ్నల్ లేక తిరుగుతూనే ఉంది. హోస్ ఊడి ట్యాంకులోది కొంత కింద పోయింది. మా వారు ఆ హోస్ పక్కనున్న పంపు కింద పెట్టి కడుగుతుంటే వెనకాల బండిలో ఆవిడ పెద్దగా అరిచింది. కంగారులో అన్నీ మూసేసి వచ్చేశాం. దారి పొడుగునా అత్తయ్య "ఇంత చదువు చదివి నా కొడుక్కి ఈ పనేంటి" అని ఒకటే బాధ. మా వారేమో ఇంక జన్మలో ఆర్వీ వద్దంటున్నారు, పిల్లలేమో వచ్చే జూన్‌లో గ్రాండ్ కాన్యన్ అంటున్నారు. తప్పు ఎవరిదండీ? మనం ఇండియన్స్ అనేనా ఆవిడ అలా అరిచింది? అసలు అక్కడ పద్ధతేంటో ఎవరూ చెప్పరు.

సమాధానం: నమస్తే అండీ. మీరు చాలానే అడిగారు గానీ మిమ్మల్ని ఎక్కువ కుదిపేసింది ఆ అరుపు అని నాకనిపిస్తోంది, అందుకని ముందు దాని సంగతే చెప్తాను.

డంప్ స్టేషన్లో మామూలుగా రెండు పంపులుంటాయి. మురుగు పోయే సీవర్ కన్నం పక్కనే ఉండేది కడుక్కోడానికి, దాని మీద ఈ నీళ్ళు తాగకూడదని బోర్డుంటుంది. రెండోది కొంచెం దూరంగా, కొన్ని చోట్ల మరీ దగ్గరగానే, అది తాగే నీళ్ళ పంపు, దాంతోనే వెనకాల వచ్చేవాళ్ళు వాళ్ళ ఫ్రెష్ వాటర్ ట్యాంకు నింపుకుంటారు, ఆ నీళ్ళతోనే వండుకుంటారు, పిల్లలకి పట్టిస్తారు. మీ వారు ఆ కంగారులో సీవర్ హోస్ పెట్టింది ఆ తాగే నీళ్ళ పంపు కింద అయ్యుంటుంది, మీరు రాసినదాన్ని బట్టి నాకైతే అలాగే అనిపిస్తోంది. హోస్ మూతి ఆ పంపుకి ఒక్కసారి తగిలినా చాలు, ఈ-కోలై, హెపటైటిస్-ఎ లాంటివి పాకడానికి, మరి తర్వాత వచ్చే కుటుంబానికి ఆ సంగతి తెలిసే దారే లేదు. నేను ఆ వెనక బండిలో ఉన్నా అరిచేదాన్ని. ఈ దేశంలో రంగు చూసి నోరు పారేసుకునేవాళ్ళు లేరని నేను చెప్పను, ఉన్నారు, మనందరికీ ఏదో ఒక చోట తగిలే ఉంటారు. ఆవిడ మనసులో ఏముందో మీకూ నాకూ తెలిసే వీల్లేదు, కానీ ఆ పంపు దగ్గర సీవర్ హోస్ కనిపిస్తే అక్కడ ఎవరైనా ఎవరి మీదైనా అరుస్తారు, టెక్సస్ వాళ్ళైనా ఒరెగాన్ వాళ్ళైనా. కాబట్టి ఆ అరుపుని ఆ పంపు మీదే వదిలెయ్యండి, మనసులో పెట్టుకుని మోసుకు తిరక్కండి.

ఇంక ముందున్నాయన. ఆయనది తప్పే, అందులో సందేహం లేదు. అక్కడి పద్ధతి మొత్తం ఒక్క మాటలో ఉంది: డంప్ స్టేషన్లో తప్ప ఇంకెక్కడా చెయ్యలేని పని మాత్రమే డంప్ స్టేషన్లో చెయ్యాలి. ట్యాంకులు ఖాళీ చెయ్యడం, హోస్ కడగడం, నేల కడగడం, ముందుకి జరగడం, అంతే. అద్దాలు తుడవడం, బండి కడగడం, చెత్త సర్దుకోడం, పిల్లలకి బట్టలు మార్చడం, మ్యాప్ చూసుకోడం, ఇవన్నీ పార్కింగ్‌లో చేసుకునే పనులు. పెళ్ళిలో భోంచేసి లేవకుండా విస్తరి ముందే కూర్చుని కబుర్లు చెప్తుంటే వెనక నిలబడ్డ బంతి వాళ్ళకి ఎలా ఉంటుందో ఇదీ అంతే. మంచినీళ్ళు నింపుకోడం ఒక్కటే కొంచెం చిక్కు ప్రశ్న, ఎందుకంటే కొన్ని క్యాంప్‌గ్రౌండ్లలో పంపు నిజంగా అక్కడే ఉంటుంది. నలభై గ్యాలన్ల ట్యాంకు క్యాంప్‌గ్రౌండ్ పంపుతో నిండాలంటే పది పదిహేను నిమిషాలు పడుతుంది, వెనక ఎనిమిది బళ్ళుంటే అది తొమ్మిదో బండి కింద లెక్క. లైను లేకపోతే హాయిగా నింపుకోండి. లైనుంటే నాకు తెలిసిన మర్యాద ఏంటంటే దారికి సరిపడా ఐదో పదో గ్యాలన్లు పట్టుకుని కదిలిపోవడం, లేదా హోస్ పొడుగుంటే బండి ముందుకి జరిపి వెనకాయనకి చోటిచ్చి అప్పుడు నింపుకోడం. ఇంటికెళ్ళే రోజైతే మీకసలు నీళ్ళెందుకు చెప్పండి, గ్యాలన్ నీళ్ళు 8.34 పౌండ్లు, నలభై గ్యాలన్లంటే నూట యాభై కేజీలు, ఊరికే మోస్తూ పెట్రోలు తగలెయ్యడమే.

అలాగే బ్లాక్ ట్యాంక్, అంటే టాయిలెట్‌ది చేరే ట్యాంకు, దాని లోపల కడిగే ఫ్లష్ పోర్ట్ అని కొన్ని బళ్ళకి ఉంటుంది, అది మంచిదే, కానీ ఆదివారం పొద్దున పదిన్నర దాని టైము కాదు. చిన్న పోర్టబుల్ ట్యాంకులో మురుగు నింపి చక్రాల మీద లాక్కొచ్చేవాళ్ళు కూడా లైన్లోనే రావాలి, "నాది చిన్నదే కదా" అని మధ్యలో దూరడం నేను చాలా చోట్ల చూశాను, అది నాకు అస్సలు నచ్చదు.

కానీ హారన్ విషయంలో మాత్రం మీ వారిదీ తప్పే, ఇది చెప్పకుండా ఉండలేను. హారన్ వల్ల ముందువాడు త్వరగా చెయ్యడు, ఒకటి కంగారుపడి హోస్ వదిలేస్తాడు, లేదంటే పంతానికి పోయి ఇంకో పది నిమిషాలు ఎక్కువ చేస్తాడు. మీకు జరిగింది ఆ రెండోది, కాసేపటికి మీ వెనకవాళ్ళ చూపులకే మీ చేతుల్లో జరిగింది మొదటిది. ఇంకొకటి కూడా ఆలోచించండి, 2010 నుంచి ఆయా రాష్ట్రాల చట్టం ఒప్పుకుంటే నేషనల్ పార్కుల్లోకి తుపాకీ తెచ్చుకోవచ్చు, ఎండలో అరగంట నిలబడి కోపం మీదున్న మనిషి దగ్గర ఏముందో మనకి తెలీదు, పక్కన పిల్లలూ పెద్దవాళ్ళూ ఉన్నారు. అలాంటప్పుడు చెయ్యాల్సింది దిగి నడిచి వెళ్ళడం. కొత్తవాళ్ళలా తడబడుతుంటే "ఫస్ట్ టైమా, హోస్ పట్టుకోమంటారా" అని అడగండి, పదిమందిలో తొమ్మిదిమంది ప్రాణం లేచొచ్చినట్టు చూస్తారు, మీ లైనూ త్వరగా కదులుతుంది. తెలిసి తాపీగా బండి కడుక్కునేవాడైతే "డంపింగ్ అయిపోయిందా అండీ, మిగతాది కొంచెం ముందుకి జరిపి చేసుకుంటారా, వెనక ఎనిమిది మందిమి ఉన్నాం" అని నవ్వుతూ ఒక్కసారి అడగండి. కాదంటే వచ్చి బండిలో కూర్చోండి, మరీ మించిపోతే అక్కడ చూసుకునే క్యాంప్ హోస్ట్‌కో రేంజర్‌కో చెప్పండి. రెండోసారి అడగడం, వాదించడం, ఫోన్ తీసి వీడియో తియ్యడం, ఇవేవీ వద్దు.

ఇప్పుడు మీ వంతు సంగతి. నేను తప్పు పట్టేది మీకు తెలియకపోవడాన్ని కాదు, మొదటిసారి ఎవరికీ తెలీదు. తప్పల్లా నేర్చుకునే పనిని కన్నం ముందుకొచ్చేదాకా ఆపడం. రెంటల్ వాళ్ళు బండి ఇచ్చేటప్పుడు ఒకసారి చుట్టూ తిప్పి చూపిస్తారు కదా, అప్పుడు మీ పిల్లల్లో ఒకరికి ఫోన్ ఇచ్చి అదంతా వీడియో తియ్యమనండి, ముఖ్యంగా హోస్ ఎక్కడుంది, రెండు వాల్వుల్లో ఏది బ్లాక్, ఏది సింకు, షవరు నీళ్ళు చేరే గ్రే, మూత ఎలా తిరుగుతుంది అనేవి. యూట్యూబ్ వీడియోల కన్నా ఇది మేలు ఎందుకంటే ఇది మీ బండే, పైగా సిగ్నల్ అక్కర్లేదు. యెల్లోస్టోన్‌లో సిగ్నల్‌ని నమ్ముకుని ఏ పనీ పెట్టుకోకూడదు. అది ముందురోజు రాత్రి అందరూ ఒకసారి చూడండి, ఎవరు ఏం చెయ్యాలో అనుకోండి. ఇద్దరు చాలు, ఒకళ్ళు వాల్వు దగ్గర, ఒకళ్ళు కన్నం దగ్గర, మిగతావాళ్ళు బండిలోనే.

లైన్లో ఉండగానే గ్లవ్స్ వేసుకోండి, హోస్ ఉన్న అర తాళం తీసి పెట్టుకోండి, టాయిలెట్ నాలుగుసార్లు ఫ్లష్ చెయ్యండి, లోపలున్నది పలచబడితే సులువుగా పోతుంది. అమెరికా బళ్ళకి అవుట్‌లెట్ మామూలుగా డ్రైవర్ వైపు ఉంటుంది, కాబట్టి కన్నం మీ ఎడమ చేతి వైపు వచ్చేలా ఆపాలి. అవుట్‌లెట్ మూత తియ్యకముందు రెండు వాల్వులూ లోపలికి నొక్కి ఉన్నాయో లేదో చెయ్యి పెట్టి చూడండి, ఎందుకంటే వాల్వు కొంచెం లీకైనా మూత వెనక కొంత నిలిచి ఉంటుంది, అందుకని మెల్లిగా తియ్యాలి, ఎదురుగా నిలబడకూడదు. మీ హోస్ ఊడింది ఇక్కడే అయ్యుంటుంది: హోస్‌కున్న చెవులు పైపు మీదున్న బొడిపెల్లో కూర్చోబెట్టి పూర్తిగా బిగిసేదాకా తిప్పాలి, తిప్పాక గట్టిగా ఒకసారి లాగి చూడాలి, చాలామంది సగం తిప్పి అయిపోయిందనుకుంటారు. రెండో చివర కన్నంలోకి బాగా దించి కాలితో గానీ బరువైన రాయితో గానీ నొక్కి పెట్టాలి, దాన్ని వదిలి ఎక్కడికీ పోకూడదు, ఎందుకంటే వాల్వు తియ్యగానే వచ్చే ఊపుకి హోస్ పాములా లేస్తుంది.

ముందు బ్లాక్, తర్వాతే గ్రే, ఇది ఎప్పుడూ తారుమారు చెయ్యొద్దు. బ్లాక్ వాల్వు ఒక్క ఊపులో పూర్తిగా లాగండి, భయపడి కొంచెం కొంచెం లాగితే నీళ్ళు ముందు పోయి గట్టిది లోపలే ఉండిపోతుంది. చప్పుడు ఆగిపోయాక మూసేసి అప్పుడు గ్రే తియ్యండి, వంటింటి సింకు, షవరు సబ్బు నీళ్ళు వచ్చి హోస్‌ని అవే కడిగేస్తాయి. అదీ మూశాక బండి వైపు కొస ముందు విప్పి పైకెత్తి మిగిలింది కన్నంలోకి జార్చండి, ఆ కన్నం పక్క పంపుతో, తాగే నీళ్ళ దాంతో కాదు, లోపలా బయటా కడగండి, మూతలు పెట్టండి. గ్లవ్స్ చెత్తబుట్టలో వెయ్యాలి, కన్నంలో కాదు. ఈ మొత్తం అలవాటైన వాళ్ళకి పది నిమిషాలు, కొత్తవాళ్ళకి పదిహేను. దానికన్నా ఎక్కువ పట్టేలా ఉందనిపిస్తే వెనకాయన దగ్గరికెళ్ళి "మాకు ఇదే మొదటిసారి, మీరు ముందు కానివ్వండి, మేం చూసి నేర్చుకుంటాం" అనడంలో చిన్నతనం ఏమీ లేదు, ఆ ఒక్క మాటకి ఆయనే వచ్చి మీది కూడా చేయించి వెళ్ళే అవకాశం చాలా ఉంది, ఆర్వీ జనం ఎక్కువమంది అలాంటివాళ్ళే.

ఒక్క విషయంలో మాత్రం మిమ్మల్ని వెనకేసుకు రాలేను. కింద పోయినదాన్ని కడక్కుండా వచ్చేశారు. హోస్ ఊడటం ఎవరికైనా జరుగుతుంది, లేటవడం జరుగుతుంది, కానీ మీ వెనకొచ్చిన ఆవిడ మీ ట్యాంకులోది తొక్కుకుంటూ తన పని చేసుకోవాల్సి వచ్చింది, తన పిల్లలు బండి దిగుంటే వాళ్ళూ తొక్కి ఉంటారు. లైను అంతా తిట్టినా సరే, ఇంకో ఐదు నిమిషాలు పట్టినా సరే, నేల కడిగే కదలాలి, ఆ సిమెంటు నేల కన్నం వైపు వాలుగానే పోసి ఉంటుంది, రెండు నిమిషాలు నీళ్ళు కొడితే చాలు. ఎక్కువ పోయి మట్టిలోకి వెళ్తే హోస్ట్‌కి చెప్పి వెళ్ళాలి. ట్రెయిలర్‌లోంచి గానీ ఇంకే బండిలోంచి గానీ మురుగు దానికోసం పెట్టిన చోట తప్ప ఇంకెక్కడా వదలకూడదని నేషనల్ పార్కుల రూల్స్‌లోనే ఉంది, "వంటింటి నీళ్ళే కదా" అని రోడ్డు పక్క గ్రే వాల్వు తీసేవాళ్ళకీ అది వర్తిస్తుంది.

మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సినవి కొన్నున్నాయి, ఇవన్నీ ఇంగ్లీషు గైడుల్లో దొరకవు, కొన్నే ఉంటాయి. మనకి టాయిలెట్లో నీళ్ళు వాడే అలవాటు ఉంది కదా, అది బ్లాక్ ట్యాంకుకి నిజానికి చాలా మంచిది, కాగితం తక్కువ, నీళ్ళు ఎక్కువ, లోపల గట్టిపడి గుట్ట కట్టదు. కాకపోతే ట్యాంకు తొందరగా నిండుతుంది. రెంటల్ బళ్ళలో బ్లాక్ ట్యాంకు పాతిక నుంచి నలభై గ్యాలన్ల మధ్య ఉంటుంది మామూలుగా, ఆరుగురు మనుషులు, ఫ్లష్‌కి అర గ్యాలన్ దాకా, పైన ఒక చెంబు, లెక్కేసుకోండి, రెండు రోజులు. కాబట్టి పగలు బయట తిరిగేటప్పుడు విజిటర్ సెంటర్ల బాత్రూములే వాడమని అందరికీ చెప్పండి. షవరుది ఇంకా పెద్ద లెక్క, నిమిషానికి ఒకటిన్నర రెండు గ్యాలన్లు పోతాయి, ఆరుగురూ ఐదేసి నిమిషాలు పోసుకుంటే గ్రే ట్యాంకు ఒక్క పూటకే నిండిపోతుంది. యెల్లోస్టోన్‌లో అయితే కాన్యన్ విలేజ్, గ్రాంట్ విలేజ్ దగ్గర షవర్లున్నాయి, అక్కడ కానిచ్చుకోవచ్చు. ఇంకోటి, లోపల గోడకున్న మీటరు చూసి నమ్మొద్దు, కాగితం అంటుకుంటే ఖాళీ ట్యాంకుని కూడా నిండిందని చూపిస్తుంది.

వంట సంగతి కూడా ఉంది. పోపు నూనె, సాంబారు అడుగు, అన్నం మెతుకులు, చింతపండు పిప్పి, కరివేపాకు, ఇవన్నీ సింకులోకి పోతే గ్రే ట్యాంకు రెండో రోజుకి బ్లాక్ కన్నా ఘోరంగా కంపు కొడుతుంది, వాల్వు దగ్గర ఇరుక్కుని సరిగ్గా మూసుకోనివ్వదు కూడా. గిన్నెలు ముందు టిష్యూతో తుడిచి అది చెత్తలో వేసి అప్పుడు కడగండి, సింకుకి జాలీ పెట్టండి. చంటిపిల్లల వైప్స్ మాత్రం టాయిలెట్లో ఒక్కటి కూడా వెయ్యొద్దు, ప్యాకెట్ మీద ఫ్లషబుల్ అని ఉన్నా సరే. క్యాంప్‌గ్రౌండ్ల డంప్ స్టేషన్లు చాలావరకు సెప్టిక్ ట్యాంకుల్లోకే పోతాయి, ఇలాంటివి పేరుకుంటే పైపు మూసుకుపోతుంది, ఇంక ఆ వారమంతా "క్లోజ్డ్" బోర్డే, వెనకొచ్చే వందల మందికి ఇబ్బంది. ఫార్మాల్డిహైడ్ ఉన్న వాసన మందులు కూడా కొనొద్దు, సెప్టిక్‌లో పని చేసే బ్యాక్టీరియాని అవి చంపేస్తాయి, ఎంజైమ్ రకం కొనండి.

అత్తయ్య గారి బాధ గురించి. ఆవిడ మాట మీకు విసుగు తెప్పించి ఉంటుంది గానీ ఆవిడ పెరిగిన కాలంలో మలం ఎత్తే పని వేరేవాళ్ళు చెయ్యాల్సిందిగానే చూశారు, కులం పేరు చెప్పి కొంతమంది నెత్తిన పెట్టారు, నిజంగా నెత్తినే పెట్టారు. ఇండియాలో 1993లో ఒకసారి, మళ్ళీ 2013లో ఒకసారి చట్టం చేసి ఆ పని ఇంకొకరితో చేయించడాన్ని నేరమన్నారు. ఆ పని పూర్తిగా పోవాలని జీవితమంతా పోరాడుతున్న బెజవాడ విల్సన్ గారు కోలార్ బంగారు గనుల దగ్గర పుట్టిన మన తెలుగాయన, 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. ఈ సంగతి ఆవిడతో ఒకరోజు మెల్లిగా కూర్చుని మాట్లాడండి, వాదనలా కాదు. మీ అబ్బాయి చేసింది మన ఇంటి ఆరుగురిది మనమే శుభ్రం చేసుకోడం, చేతికి గ్లవ్సున్నాయి, పది నిమిషాల పని, అయ్యాక సబ్బుతో కడుక్కుంటే అయిపోయింది, మన బదులు ఇంకొకరు ఆ కన్నంలో దిగక్కర్లేదు అని చెప్పండి. నాకైతే ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ కనపడదు, పిల్లలు చూడాల్సిన పనే ఇది. ఆవిడకి మడి పట్టింపులుంటే దాన్నీ గౌరవించొచ్చు, డంపింగ్‌కి విడిగా ఒక జత చెప్పులు పెట్టి అవి బండి లోపలికి తేకుండా బయట అరలోనే ఉంచండి, సీవర్ హోస్, తాగే నీళ్ళ హోస్ ఒకే అరలో పెట్టొద్దు. ఇది మడి కోసమే కాదు, అనుభవమున్న ఆర్వీ వాళ్ళందరూ పాటించేదే, తాగే నీళ్ళకి తెల్లదో నీలిదో, కడగడానికి వేరే రంగుదీ వాడతారు.

మీ వారిని మళ్ళీ ఒప్పించాలంటే నాకు తోచిన దారి ఒకటే, ఆయన్ని ఆ లైన్లో నిలబెట్టకండి. ఆదివారం పది నుంచి పన్నెండు దాకా ప్రతి క్యాంప్‌గ్రౌండ్లో రద్దీనే, ఎందుకంటే చెకౌట్ పదకొండో పన్నెండో ఉంటుంది, అందరూ కాఫీ తాగి అప్పుడే కదులుతారు. శనివారం సాయంత్రం ఐదారింటికి వెళ్ళి ఒకసారి ఖాళీ చేసుకోండి, ఒక్క రాత్రికి నిండేది కొంచెమే, అది దారిలో చూసుకోవచ్చు. లేదా ఆదివారం ఏడింటికల్లా వెళ్ళండి, పెద్దవాళ్ళు ఎలాగూ తెల్లారుజామునే లేస్తారు కదా. లేదంటే అక్కడ అసలు ఆగకుండా హైవే మీద డంప్ స్టేషన్ ఉన్న పైలట్ ఫ్లయింగ్ జె లాంటి ట్రక్ స్టాపులకి పోండి, చాలావరకు పది నుంచి ఇరవై డాలర్ల మధ్య తీసుకుంటారు, ఎనిమిది బళ్ళ వెనక గంటన్నర నిలబడటం కన్నా నా లెక్కలో అది చవక. రెంటల్ బండి ఖాళీ చెయ్యకుండా తిరిగిస్తే అంతకన్నా చాలా ఎక్కువ వేస్తారు, అగ్రిమెంట్లో చూసుకోండి.

గ్రాండ్ కాన్యన్‌కైతే లోయకి దక్షిణపు అంచైన సౌత్ రిమ్ మీద ట్రెయిలర్ విలేజ్ అని ఒకటుంది, అక్కడ ప్రతి సైట్‌కీ ఫుల్ హుకప్, అంటే నీళ్ళు, కరెంటు, సీవర్ కనెక్షన్ అన్నీ ఉంటాయి, మీ సైట్లోనే మీ టైములో మీరు ఖాళీ చేసుకోవచ్చు, వెనక ఎవరూ ఉండరు. జూన్‌కి కాబట్టి ఇప్పట్నుంచే బుకింగ్ మీద కన్నేసి ఉంచండి. అక్కడ కనెక్షన్ ఉంది కదా అని బ్లాక్ వాల్వు తెరిచి వదిలెయ్యొద్దు, నీళ్ళు పోయి గట్టిది లోపల ఎండిపోతుంది, మూడింట రెండొంతులు నిండేదాకా మూసే ఉంచాలి. అది దొరక్కపోతే పక్కనే మేథర్ క్యాంప్‌గ్రౌండ్, హుకప్‌లుండవు, డంప్ స్టేషన్ ఉంది, బండి ముప్ఫై అడుగులు దాటకూడదు, అది రెంటల్ తీసుకునేటప్పుడే చూసుకోండి. ఇంకో మాట, ఆ సౌత్ రిమ్‌కి నీళ్ళు లోయకి అవతలి గోడలో ఉన్న రోరింగ్ స్ప్రింగ్స్ ఊట నుంచి 1960ల్లో వేసిన పైపులో వస్తాయి, అది మాటిమాటికీ పగులుతుంది, 2024 ఆగస్టు ఆఖర్లో అయితే నీళ్ళు లేక అక్కడి హోటళ్ళలో రాత్రి బసే కొన్ని రోజులు ఆపేశారు. కాబట్టి హోస్ కడగడానికి, నేల కడగడానికి కావలసినంత వాడండి, బండి కడగడానికి మాత్రం ఒక్క చుక్క వద్దు. బయల్దేరే ముందు పార్క్ వెబ్‌సైట్లో నీళ్ళ పరిస్థితి, డంప్ స్టేషన్ తెరిచి ఉందా లేదా ఒకసారి చూసుకుని వెళ్ళండి. వెళ్ళొచ్చాక మీ వారు ఏమన్నారో నాకు తప్పకుండా రాయండి, అత్తయ్య గారికీ మామయ్య గారికీ నా నమస్కారాలు చెప్పండి.